మేకపోతుగా మారిన ఊరు

మా చెల్లెలి కొడుకు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయినేడు సంక్రాంతికి వచ్చినప్పుడు అందరికీ చాక్లెట్లూ సెంటు సీసాలూ తెచ్చి, నా చేతిలో మాత్రం ఓ పెద్ద పింగాణీ మగ్గు పెట్టాడు. దానిమీద వెనక కాళ్ళమీద లేచి నిలబడ్డ మేకపోతు బొమ్మ. కొమ్ములు తిప్పుకుని, గడ్డం ఎగరేసి మహా పొగరుగా వుంది.

"బాగుందిరా, గరిటెలు పెట్టుకోడానికి పనికొస్తుంది" అన్నాను.

వాడు నవ్వి, "పెద్దమ్మా, అది బీరు తాగే మగ్గు" అన్నాడు.

నేను నెల్లూరు జిల్లా ఆడపడుచుని. 1992లో సారా మీద తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్ళది మా జిల్లానే. ఆ గడ్డమీద పుట్టి వంటింట్లో బీరు మగ్గు పెట్టుకోవడమేమిటని దాన్ని అటకెక్కించబోయాను. కానీ ఆ మేకపోతు నన్ను వదల్లేదు. బీరుకీ మేకకీ ఏమిటి సంబంధం? వాణ్ణి కూచోబెట్టి అడిగింది కొంతా, తరవాత పుస్తకాలు తిరగేసింది కొంతా కలిపితే ఈ కథ తేలింది. అందులో ఉపవాసాలున్నాయి, పాతకాలపు వంటిళ్ళున్నాయి, మనలాంటి ఇల్లాళ్ళు కూడా వున్నారు. అందుకే మీకు చెప్పబుద్ధయింది.

జర్మనీ ఉత్తరాన ఐన్‌బెక్ అని ఒక చిన్న ఊరు. బందరు లడ్డు, కాకినాడ కాజా అన్నట్టుగా ఒకప్పుడు ఆ దేశంలో 'ఐన్‌బెక్ బీరు' అంటే అంత పేరు. 1378లో ఆ బీరు కొన్నట్టు రాసిన రశీదు ఒకటి ఇప్పటికీ వుంది. పాలపద్దుల కాగితం నెల తిరక్కుండా పారేసుకునే నాకు ఆ మాట విని సిగ్గేసింది.

అక్కడ బీరు కాయడం కార్ఖానా పని కాదు, ఇళ్ళలో పని. కాచుకునే హక్కు వున్న ఇళ్ళు వందల్లో వుండేవి. బార్లీ, గోధుమ మొలకెత్తించి అటకల మీద ఆరబెట్టుకునేవారు. అయితే కాచే పెద్ద కాగు మాత్రం ఊరందరిదీ. వంతులవారీగా ఇంటింటికీ తిరిగేది. మన పల్లెల్లో పెళ్ళి గుండిగలు ఇల్లిల్లూ తిరుగుతాయి చూడండి, అలాగన్నమాట. ఊరి తరఫున జీతమిచ్చి పెట్టుకున్న పనివాడొకడు కాగుతోపాటే వచ్చి దగ్గరుండి కాయించేవాడు. ఆ కాగు లోపలికి పట్టాలి కనక ఇళ్ళకి కమాను తలుపులు పెట్టారు, బండి దూరేటంత పెద్దవి. 1540లో ఊరు దాదాపు మొత్తం తగలబడిపోయింది. మళ్ళీ కట్టుకున్నారు. తలుపులు మళ్ళీ అలాగే పెట్టుకున్నారు! ఇప్పటికీ ఆ వీధుల్లో నడిస్తే ఆ పెద్ద తలుపులు కనిపిస్తాయట.

బీరంటే ఏమిటో తెలియని వాళ్ళకోసం ఒక్క మాట. చంటిపిల్లలకి రాగులు నానబెట్టి, మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి మాల్టు చేస్తామా? బార్లీతో అదే పని. మొలకెత్తిన గింజకి తీపి వస్తుంది. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, వడగట్టి, హాప్స్ అనే తీగ పూలు వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలిపితే పులుస్తుంది. ఆ పూలు చేదు. కానీ చేదుతోపాటు నిలవ వుండే గుణమూ ఇస్తాయి. ఆ సంగతి పన్నెండో శతాబ్దంలోనే రాసిపెట్టింది హిల్డెగార్డ్ అనే ఒక సన్యాసిని, బింగెన్ దగ్గర మఠాధిపతి. ఐన్‌బెక్ వాళ్ళు ఆ పూలు ధారాళంగా వేసి, చలికాలంలో చిక్కగా కాచేవారు. దూరాభారం మోసినా పాడవక పోవడానికి అదే కిటుకు.

దూరాలంటే ఎంత దూరాలు! 1521లో మార్టిన్ లూథర్‌ని వోర్మ్స్ నగరంలో చక్రవర్తి సభ ముందు నిలబెట్టి, నీ రాతలు తప్పని ఒప్పుకోమన్నారు. ఒప్పుకోలేదు. అలిసిపోయి బయటికొచ్చిన ఆయనకి ఎరిక్ అనే ప్రభువు ఒక చెంబుడు ఐన్‌బెక్ బీరు పంపాడని చెబుతారు.

లూథర్ పేరెత్తాక ఆయన భార్య కాథరీనాని దాటిపోవడం నావల్ల కాదు. కన్యాస్త్రీల మఠం నుంచి 1523లో తప్పించుకుని వచ్చి, 1525లో ఆయన్ని పెళ్ళాడింది. ఆయన రాసుకుంటూ, వాదించుకుంటూ వుంటే ఇల్లు నడిపింది ఆవిడ. పాత మఠమే వాళ్ళ ఇల్లు. అందులో పిల్లలు, చుట్టాలు, డబ్బిచ్చి భోంచేసే విద్యార్థులు, వేళాపాళా లేకుండా దిగే అతిథులు. తోట, పశువులు, చేపల చెరువు చూసుకుంటూ, వీటన్నిటి మధ్యా ఇంటికి కావలసిన బీరు తనే కాచేది. ఆ రోజుల్లో అక్కడ బీరు మత్తుకోసం మాత్రమే కాదు, రొట్టెతోపాటు రోజూ వుండే ఆహారం. 1534లో ఆయన డెస్సౌ ఊరు వెళ్ళి, అక్కడి బీరు నోట పెట్టలేక, ఇంట్లో ఎంత మంచి బీరుందో, ఎంత మంచి ఇల్లాలుందో తలుచుకుంటూ ఆవిడకి ఉత్తరం రాశాడు. పొరుగూరు వెళితే తప్ప ఇంటి వంట గుర్తురాకపోవడం అన్ని దేశాల్లోనూ వున్నట్టుంది.

సరే, మేకపోతు సంగతి. దక్షిణాన బవేరియా రాజధాని మ్యూనిక్. ఐన్‌బెక్‌కి నాలుగువందల కిలోమీటర్లకి పైన. అయినా అక్కడి దొరలకి ఆ బీరే కావాలి. బళ్ళమీద తెప్పించుకుని తెప్పించుకుని, ఖర్చు భరించలేక 1589లో విల్హెల్మ్ ప్రభువు తమ దివాణానికే ఒక బీరు కార్ఖానా పెట్టించాడు. ఇప్పుడు టూరిస్టులంతా ఎగబడే హోఫ్‌బ్రౌహౌస్ దాని సంతానమే. అయినా ఐన్‌బెక్ రుచి పట్టుబడలేదు. ఆఖరికి 1614లో ఆ ఊరినుంచే ఎలియాస్ పిఖ్లర్ అనే నేర్పరిని రప్పించి కాయించారు. అదీ అచ్చం అదే రుచి రాలేదు లెండి. ఇక్కడి గింజ వేరు, వేయించే పద్ధతి వేరు. రంగు నల్లబడింది, చేదు తగ్గింది, తీపి పెరిగింది. కోడలు పుట్టింటి పులుసు అత్తవారింట్లో పెడితే ఏమవుతుందో అదే అయింది, కొత్త రుచి పుట్టింది.

పేరు కూడా అత్తవారింటి యాసలో పడింది. బవేరియా వాళ్ళ నోట ఐన్‌బెక్ కాస్తా 'ఐన్‌పొక్' అయింది. పోనుపోను 'ఐన్ బొక్' అయింది. జర్మన్‌లో 'ఐన్' అంటే ఒక, 'బొక్' అంటే మేకపోతు! నందిని పంది చేశారంటాం, వీళ్ళు ఊరిని మేకని చేశారు. 'ఒక మేకపోతు ఇవ్వవోయ్' అని జనం నవ్వుకుంటూ అడగడం, సీసాల మీద కొమ్ములు మొలవడం, అన్నీ ఆ తరవాతి ముచ్చట్లే. ఆ బొమ్మ చూసి ఇప్పుడు ఎంతమంది ఊరిని తలుచుకుంటారో!

బొక్ బీరు ఎలా వుంటుందని మావాణ్ణి అడిగాను. నేను రుచి చూసేది లేదు కనక వాడి మాటే నా మాట. కాల్చిన రొట్టె పెచ్చు వాసన, దోరగా మాడిన బెల్లం పాకం తీపి, చేదు ఎక్కడో వెనక్కి. గింజ ఎక్కువ పోసి, నెలల తరబడి చల్లటి నేలమాళిగలో నిలవ వుంచుతారు కనక చిక్కగా, నున్నగా దిగుతుందట. మామూలు బీరులో మత్తు నూటికి అయిదు పాళ్ళుంటే ఇందులో ఆరు, ఏడు. అందుకే తెలిసినవాళ్ళు ఒక్క గ్లాసు దగ్గర పెట్టుకుని గంటసేపు కూచుంటారట. గటగటా తాగేవాణ్ణి చూసి అక్కడివాళ్ళే నవ్వుతారట. ఆ మాట నాకు నచ్చింది. వసంతంలో వచ్చే మైబొక్ లేతరంగులో వుంటుంది. ఐస్‌బొక్ అనేది మరో వింత. బీరుని గడ్డకట్టించి, నీరు గడ్డకట్టిన మేరకు మంచు తీసేస్తే మిగిలిన సారం. 1890లో కుల్మ్‌బాఖ్ ఊళ్ళో ఒక కుర్రాడు చలిలో పీపా బయట మరిచిపోతే పుట్టిందని కథ. కుర్రాడి మతిమరుపు కార్ఖానాకి లాభమైందన్నమాట. మా ఇంట్లో అలాంటివి ఎప్పుడూ జరగవు.

ఉపవాసాల కథ మరీ బాగుంటుంది. 1627లో మ్యూనిక్ పొలిమేరలో పౌలా ఫ్రాన్సిస్ సన్యాసులు మఠం పెట్టారు. వాళ్ళది కఠోర నియమం. ఏడాది పొడుగునా మాంసం, గుడ్లు, పాలు, వెన్న ముట్టకూడదు. ఇక ఈస్టరుకి ముందు, మన తెలుగు క్రైస్తవులు శ్రమల దినాలనే ఆ నలభై రోజులూ తిండే కష్టం. కానీ పానీయం ఉపవాసాన్ని చెరపదు. ఇంకేం! రొట్టెకి బదులు నిలిపేటంత చిక్కటి బీరు కాచారు. దాన్నే 'ద్రవరూపపు రొట్టె' అన్నారు. ఏకాదశినాడు అన్నం మానేసి అరటికాయ, సగ్గుబియ్యం, వేరుశెనగపప్పు లాగించే మనం వాళ్ళని ఏమనగలం? ఇలా తాగడం తప్పా ఒప్పా తేల్చమని పోపుగారికి ఒక పీపా పంపారనీ, అది ఆల్ప్స్ కొండలు దాటి రోమ్ చేరేసరికి పులిసిపోయిందనీ, రుచి చూసిన పోపుగారు 'ఇది తాగడం కూడా తపస్సే' అని ఒప్పుకున్నారనీ ఒక కథ. కథే అనుకోండి. కానీ ఈ సన్యాసులు బీరు అమ్మి మా పొట్ట కొడుతున్నారని 1634లోనే ఊరి బీరు వ్యాపారులు మొరపెట్టుకున్న మాట మాత్రం నిజం.

వాళ్ళ బీరు పేరు సాల్వటోర్, రక్షకుడు అని. మఠం 1799లో మూతపడ్డా కార్ఖానా చేతులు మారి బతికింది. అందరూ ఆ పేరే వాడుకుంటుంటే 1896లో దాన్ని రిజిస్టరు చేయించుకున్నారు. మిగతావాళ్ళు ఊరుకున్నారా? 'టోర్' అనే తోక తగిలించి కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఈ జాతి బీరుకి డొప్పెల్‌బొక్, అంటే జోడు మేకపోతు, అని పేరు.

నన్ను ఆపేసిన పేరు ఇంకొకటుంది. మ్యూనిక్‌లో గోధుమ బీరు కాచే ష్నైడర్ కుటుంబంలో 1905లో ఇంటి యజమాని చిన్నవయసులో పోయాడు. భార్య మథిల్డె కార్ఖానా చేతిలోకి తీసుకుంది. రెండేళ్ళు తిరక్కుండా, 1907లో గోధుమతో డొప్పెల్‌బొక్ తయారు చేయించి మార్కెట్లోకి దింపింది. ఇప్పటికీ అది అమ్ముతూనే వున్నారు. దాని పేరు అవెంటీనుస్. ఎవరా అవెంటీనుస్? అంతకు నాలుగువందల ఏళ్ళ నాటి బవేరియా చరిత్రకారుడు. సీసా మీద గడ్డంతో ఆయన బొమ్మ వుంటుంది.

మేకకీ గడ్డమే, ఆయనకీ గడ్డమే. మన ఇళ్ళలో రోజూ వంట ఆడవాళ్ళది, డబ్బులిచ్చే పెళ్ళివంట మగవాళ్ళది కాదూ? బీరు కథా అంతే నడిచింది. ఇంటి కాగులో వున్నంతకాలం ఆడవాళ్ళ పని, సంఘాలూ కార్ఖానాలూ వచ్చాక మగవాళ్ళ వృత్తి. ఊరి పేరు నోరు తిరక్క పోయింది. కాథరీనా పేరైనా ఆయన ఉత్తరం వల్ల మిగిలింది.

మగ్గు అటకెక్కలేదు. పొయ్యి పక్కనే గరిటెలతో వుంది. మావాడు మొన్న ఫోను చేసి, "ఈసారి ఏం తెమ్మంటావు పెద్దమ్మా?" అని అడిగాడు. ఐన్‌బెక్ వెళ్ళి, కాగు దూరే ఆ పెద్ద తలుపులకి ఒక ఫోటో తీసి తెమ్మన్నాను.