మూసీతీరమున నీటికి విడిచిన తోటలు

చెరువు నిండినప్పుడు నీరు వెనుకకు ప్రాకి నిలుచు నేలను మన పల్లెలలో శిఖమందురు. ఆ నేల ఏడాదిలో పెక్కు మాసములు ఎండియే యుండును. అందు పశువులు మేయును, పిల్లలు ఆడుకొందురు, వాన తక్కువైన యేట ఎవరో ఒకరు నాగలియు కట్టుదురు. ఎండియున్నంత మాత్రమున అది ఎవరికిని చెందని బయలు కాదనియు, నీటికి చెందిన నేల యనియు పెద్దలైన మీకు నేను చెప్పవలసిన పనిలేదు. పట్టణవాసులకు మాత్రము ఈ సంగతి తెలియుటకు గొప్ప ప్రాణనష్టము కావలసి వచ్చినది. హైదరాబాదు నగరమున మూసీనది గట్లమీద తోటలు ఏల వెలసినవో, వాని గతి తరువాత ఏమైనదో నేడు మనవి చేసెదను.

మూసీనది వికారాబాదు సమీపమున అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా నడచి, హైదరాబాదునకు ఎగువను ఈసీ యను ఉపనదిని కలుపుకొని, నగరమధ్యమున ప్రవహించి, నల్లగొండ సీమను తడిపి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. చిన్న నది. వేసవిలో పాదము తడియకుండ దాటదగిన నది. ఈ చిన్నతనమును చూచి కలిగిన చులకనయే అనర్థమునకు మొదలని నా తలంపు. గోదావరి గట్టున ఇల్లు కట్టువాడు వరదను తలచుకొనియే పునాది వేయును. మూసీగట్టున కట్టువాడు అట్లు తలపలేదు. 1591వ సంవత్సరమున నగరము వెలసిన పిమ్మట జనము పెరిగిన కొలదిని ఇండ్లు గట్టు దిగి, నదియొడిలోనికే చేరినవి. అందు నివసించినవారిలో పెక్కుమంది బీదలు. వేరొకచోట నిలువనీడ లేనివారే నదిలోనికి దిగుదురు గదా!

1908వ సంవత్సరము సెప్టెంబరు మాసాంతమున వాన పట్టినది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు కురిసినట్లు లెక్క వ్రాయబడినది. మన సీమలలో సగము సంవత్సరమునకు సరిపోవు వాన రెండు దినములలో పడినదన్న మాట. 28వ తేది సోమవారము తెల్లవారునప్పటికి నది నగరముమీద పడెను. వరద ఉద్ధృతమైనప్పుడు సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించినట్లు తరువాత ఇంజనీర్లు గణించిరి. గట్టుననున్న కోల్సావాడీ మొదలైన పేటలు కొట్టుకొనిపోయినవి. అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లంజంగు వంతెన, చాదర్‌ఘాటు వంతెన తెగినవి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ ఒక్కటియే గాయములతో నిలిచినది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలినది. ఇండ్లు 19,000 వరకు నేలమట్టమై, 80,000 మంది నిరాశ్రయులైరి. మృతులు పదునైదువేల మందియని సాధారణముగా చెప్పుదురు. ఈ సంఖ్య విషయమున లెక్కలు భేదించుచున్నవి. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ నీటిలో పోగొట్టుకొని తానొక్కడే మిగిలెను. నగరవాసులు దానిని తుగ్యానీ యని చెప్పుకొనుచు, చాలకాలము తమ వయస్సులను, పెండ్లిండ్లను తుగ్యానీకి ముందనియు తరువాతననియు లెక్కించుకొనిరి.

ఆ దినమున అఫ్జల్‌గంజ్ తోటలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నేటికిని నిలిచియున్నది. వంతెనలు తెగిన చోట ఒక తోటలోని చెట్టు తెగలేదు.

ఇంతటి నీరు ఒక్క వానవలననే వచ్చినదా? ఇది పల్లెవాసులు వినదగిన భాగము. హైదరాబాదునకు ఎగువను మూసీ, ఈసీ పరివాహప్రదేశము సుమారు 860 చదరపు మైళ్లు. అందు 788 చెరువులుండెను. చదరపు మైలునకు దాదాపు ఒక చెరువు! ఇంత విరివిగా చెరువులు త్రవ్విన పూర్వుల ప్రజ్ఞను పొగడవలసినదే. అయితే ఇవన్నియు గొలుసు చెరువులు. పైదాని మత్తడి నీరు క్రిందిదానిలోనికి దిగును. పైకట్ట తెగినచో క్రిందికట్ట ఆ పోటునకు తాళదు. ఆ వానలో పాలమాకుల, పర్తి చెరువులు మొదట తెగినవి. వాని నీరు క్రింది చెరువులమీద పడినది. అట్లు తెగుచు తెగుచు మొత్తము 221 చెరువులు తెగిపోయినవి. నెమ్మదిగా దిగవలసిన నీరంతయు ఒక్క తెల్లవారుజామున నగరమును ముంచెను. చెరువుకట్ట మరమ్మత్తు, మత్తడి వెడల్పు అనునవి ఆ యూరి సంగతులు మాత్రమే యని మనము తలంతుము. ఇరువదిమైళ్ల దిగువను నిదురించు పసిబిడ్డ ప్రాణముకూడ ఆ కట్టమీదనే యున్నది.

ఈ ఉపద్రవము పిమ్మట ఆరవ నిజాము మహబూబలీఖానుని ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. వారి ఇంటిపేరు నేటి ఆంధ్రప్రదేశమునందలి మోక్షగుండ గ్రామమునుండి వచ్చినది. వారప్పుడు బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచి ఐరోపాలో పర్యటించుచుండిరి. 1909లో హైదరాబాదు చేరి, ఎగువనున్న చెరువులను, వానలెక్కలను, వరద గుర్తులను పరిశీలించి, ఆ సంవత్సరమే తమ నివేదికను సమర్పించిరి. అందలి ముఖ్యాంశము నగరమునకు ఎగువను మూసీమీద ఒకటియు ఈసీమీద ఒకటియు పెద్ద జలాశయములను కట్టి, నగరములోని నది మోయజాలనంత నీటిని అచ్చటనే నిలిపి, పిదప మెల్లగా వదలుట. మూసీమీది ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీమీది హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. జనులు మొదటిదానిని గండిపేట చెరువనియే పిలుతురు.

ఈ రెండు జలాశయములను ఎల్లరు ఎరుగుదురు. విశ్వేశ్వరయ్యగారి సూచనలలో రెండవది యొకటి కలదు. దానిని పొగడువారు తక్కువ. నగరములోపల నదిగట్లను ఎత్తుచేసి, గట్టువెంబడి ఇండ్లు తీసివేసిన నేలను తోటలుగాను, నడకబాటలుగాను ఏర్పరచి ప్రజల విహారమునకు విడువవలెనని వారు చెప్పిరి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము ఈ పనికి పూనుకొనెను. ఇరుకుపేటలు తీయబడినవి, గట్లకు రాతిగోడలు లేచినవి, గోడలవెనుక తోటలు నాటబడినవి. ఉన్నతన్యాయస్థానము, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కళాశాల, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయము మొదలగు గొప్ప కట్టడములు ఆ గట్లనే ఎత్తుగా నిర్మింపబడినవి.

ఇది అలంకారమునకు చేసిన పనియని కొందరు తలంతురు. నాకట్లు తోచదు. పేదవాని ఇల్లు తీసివేసిన చోటు ఖాళీగా నుండదు, మరల నిండును. ఆ చోటు నిండకుండ కాపాడవలెనన్నచో అది ఎల్లరి సొత్తు కావలెను, ఎల్లరును నిత్యము తిరుగుచుండవలెను. తోట కావించుటకంటె మంచి కావలి లేదు. అదియునుగాక తోటలోనికి వరద వచ్చినచో తోటమాలి రెండు మాసములు బురద యెత్తును. ఇంటిలోనికి వచ్చినచో జరుగునది పైన చెప్పితిని. తీసివేయబడిన ఇండ్లవారందరికిని తగిన చోటులు దొరకెనా యను ప్రశ్నయు కలదు. గట్టు శోభను వర్ణించువారు దానిని అడుగుట అరుదు.

తోటయే నీటిపాత్రముగా నుండవలెనను ఆలోచన అప్పటికే అమెరికా దేశమున బోస్టను నగరమందు ఆచరణలోనికి వచ్చియుండెను. అచ్చట మడ్డీరివరు, స్టోనీబ్రూకు అను రెండు వాగులు సముద్రపు పోటునీరు వచ్చు బాడవలో పడుచుండెను. నగరపు మురుగుకూడ అందే చేరి దుర్గంధము భరింపరానిదయ్యెను. వాన పడినప్పుడు సముద్రపు పోటు తోడైనచో వాగునీటికి దారిలేక చుట్టుపట్ల పేటలు మునుగుచుండెను. 1878లో ఈ పని ఫ్రెడరికు లా ఆల్మ్‌స్టెడ్డు అను ఉద్యాననిర్మాతకు చేరెను. ఆయన నగరపు ఇంజనీరుతో కూడి ఆలోచించి, మురుగును వేరు కాలువలకు త్రిప్పించి, ఆ బాడవను వంకరలు తిరిగిన ఉప్పునీటి కోనగా మలచి, అట్టి నీటికోర్చు గడ్డిని గట్లపై నాటించెను. సముద్రపు పోటును అడ్డుటకు తూము పెట్టించెను. వరదనీరు గడ్డిమీదికి ప్రాకి నిలిచి, తరువాత మెల్లగా దిగిపోవును. చూపునకది తోట, పనికది చెరువు, మన శిఖమువంటిదే. దానికి తోటయను పేరు తగదని ఆయన వాదింపగా, బాడవలను అర్థమిచ్చు ఫెన్స్ అను పేరే నిలిచినది.

ఆ తోట గతియు చెప్పవలెను. 1910లో చార్లెసునదికి ఆనకట్ట పడి, పోటునీరు రాకుండుటచే ఉప్పునీటి గడ్డి చచ్చినది. కొంతభాగము మట్టితో పూడ్చి ఆటస్థలములు చేసిరి. తరువాత మడ్డీరివరులో కొంత మేర గొట్టములలో మూసి, పైన ఒక పెద్ద అంగడికి వచ్చువారి మోటారుబండ్లు నిలుపు స్థలముగా చేసిరి. నీటిచోటు తగ్గినది. 1996 అక్టోబరున వాగు పొంగి, నగరపు భూగర్భ రైలుమార్గములోనికి దిగినది. అప్పుడు కన్నులు తెరచి, గొట్టములలోని వాగును త్రవ్వి మరల వెలుగులోనికి తెచ్చుటకు పూనుకొనిరి. పూడ్చుటకంటె త్రవ్వుటకే ఎక్కువ ధనము, ఎక్కువ కాలము పట్టినవని వేరుగ చెప్పనేల?

ఇక మన మూసీకి మరలుదము. ఎగువ జలాశయములు కట్టిన పిమ్మట 1908 నాటి విపత్తు మరల రాలేదు. రాకుండుటచే భయము పోయినది. భయము పోయిన చోట ఆక్రమణ మొదలైనది. పూర్వము ఇంటికప్పుల యెత్తున నీరు ప్రవహించినదన్న మాటను ఎండిన నదిని చూచినవాడు నమ్మడు. గట్టుతోటలు కొన్ని తరిగినవి, కొన్ని పేరునకే మిగిలినవి. నదియొడిలో మరల ఇండ్లు లేచినవి. నగరము లోపలి చెరువులు పెక్కు పూడి, వాని శిఖములు ఇండ్లస్థలములైనవి. 2000 ఆగస్టునను, 2020 అక్టోబరునను పడిన కుండపోత వానలకు నగరములో పేటలకు పేటలు మునిగినవి. 2020లో నీరు చేరిన చోటులలో పూర్వము చెరువుభూములైనవి అనేకము.

చాదర్‌ఘాటునకు ఎగువను, నది రెండుపాయలుగా చీలిన చోట ఇమ్లీబన్ అను లంక యున్నది. ఇమ్లీబన్ అనగా చింతతోపు. ఆ పేరు వినినప్పుడెల్ల నాకు అఫ్జల్‌గంజ్ చింతచెట్టే తలపునకు వచ్చును. ఆ లంకలో రాష్ట్రమంతటికిని పెద్దదైన బస్సునిలయము కట్టబడినది. మీలో హైదరాబాదునకు పోయివచ్చినవారు పెక్కుమంది ఆ నేలమీదనే బస్సు దిగియుందురు. 2025 సెప్టెంబరు చివర ఎగువను భారీవానలు కురిసి, రెండు సాగరముల తలుపులెత్తి నీరు వదలగా, రాత్రివేళ మూసీ ఆ బస్సునిలయములోనికి ప్రవేశించినది. తుగ్యానీ వచ్చిన మాసమే, ఇంచుమించు ఆ తేదులే. ఊరికి పోవుటకు మూటలతో కూర్చున్న ప్రయాణికులను బయటికి చేర్చుటకు రక్షకదళములు రావలసివచ్చినది. బస్సులను వేరు చోటులనుండి నడపిరి. నీరు తీసి, బురద కడిగిన పిమ్మట అవి మరల ఆ లంకలోనికే వచ్చినవి.