ఎడారి అధ్యాయంలో పాలమూరు గుట్ట: ‘ఇన్సెల్‌బర్గ్’ పదప్రయోగంపై ఒక పరిశీలన

తెలుగులో వచ్చే భూగోళశాస్త్ర పుస్తకాలు, ముఖ్యంగా పోటీపరీక్షల పుస్తకాలు, ‘ఇన్సెల్‌బర్గ్’ను సాధారణంగా గాలి చేసే క్షయం గురించి చెప్పే అధ్యాయంలో పెడతాయి. పక్కనే పుట్టగొడుగు శిలలు, యార్డాంగులు, ఇసుక తిన్నెలు ఉంటాయి. చదివే విద్యార్థికి అది సహారాలోనో కలహారిలోనో చూడాల్సిన వింతగా తోస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ పరిసరాల్లో చేల మధ్య నిలువునా లేచిన బోడిగుట్టలు ఆ జాతివేనని ఆ పుస్తకం అతనికి చెప్పదు. ఈ పదాన్ని గాలి అధ్యాయం నుంచి శైథిల్య అధ్యాయానికి మార్చాలన్నదే ఈ వ్యాసం వాదం. అందుకు సాక్ష్యం పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) నేలలోనూ, అక్కడి మాటల్లోనూ ఉంది.

జర్మన్ భూవిజ్ఞాని విల్‌హెల్మ్ బోర్న్‌హార్ట్ తూర్పు ఆఫ్రికాపై 1900లో వెలువరించిన గ్రంథంతో ఈ పదం శాస్త్రంలోకి వచ్చింది. మైదానంలో ఒంటరిగా నిలిచిన కొండలు ఆయనకు సముద్రంలోని దీవుల్లా కనిపించాయి. ‘ద్వీపగిరి’ అన్న తెలుగుసేత ఆ చూపునే మోసుకొచ్చింది. ఆయన తిరిగిన నేల, నేటి టాంజానియా, ఎడారి కాదు. గడ్డిమైదానాలు, వానకాలం ఉన్న దేశం. ఆ తర్వాత జీగ్‌ఫ్రీడ్ పస్సార్గె 1904 నాటి కలహారి అధ్యయనంలో ఇలాంటి భూముల పుట్టుకను పొడి వాతావరణానికి, గాలికి ముడిపెట్టాడు. పదానికి ఎడారి ముద్ర గట్టిగా పడింది ఇలాంటి వివరణల వల్లనే. శాస్త్రం ఆ వివరణను దాటిపోయి చాలాకాలమైంది. మన పాఠాలు మాత్రం ఇంకా అక్కడే ఆగాయి.

ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే నేలను ఎడారి అనడం వాడుక. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా సగటు సుమారు 600 మిల్లీమీటర్లు. కరవుకు, వలసకు పేరుబడ్డ సీమే అయినా ఎడారి కాదు. ఇక్కడి గుట్టలను గాలి చెక్కలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైస్ శిలల్లో పగుళ్లు దట్టంగా ఉన్నచోట నీరు లోతుకు దిగి రాయిని కుళ్లబెట్టింది. పగుళ్లు తక్కువున్నచోట రాయి గట్టిగా మిగిలింది. పైనున్న మెత్తటి పదార్థం యుగాల తరబడి వానకు కొట్టుకుపోయేకొద్దీ మిగిలిన రాయి తల బయటపెట్టింది. అంటే గుట్ట ఆకారం చాలావరకు నేల కిందే సిద్ధమైంది. జర్మన్ శాస్త్రవేత్త యూలియస్ బ్యూడెల్ 1957లో ప్రతిపాదించిన జంటతలాల సిద్ధాంతం సారం కూడా ఇదే: నేల పైతలం ఒకటి, కుళ్లిన రాయికీ గట్టిరాయికీ మధ్య కిందితలం మరొకటి. ఆయన తమిళనాడు మైదానాలను కూడా పరిశీలించాడు. ఎడారిలో నేడు కనిపించే ఇన్సెల్‌బర్గులు కూడా చాలాచోట్ల పూర్వపు తేమకాలాల మిగులేనని వాదించేవారు ఉన్నారు. అయితే ఎల్.సి. కింగ్ వంటి భూస్వరూప శాస్త్రవేత్తలు కొండవాలు వెనక్కి జరగడమే అసలు కారణమన్నారు. ఆ తగవు పూర్తిగా తీరలేదు గానీ, ఇరుపక్షాల్లో ఎవరూ గాలికి పెద్దపీట వేయలేదు.

కిందితలం సంగతి బ్యూడెల్ చెప్పకముందే బావి తవ్వేవాళ్లకు తెలుసు. ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. శైథిల్య క్రమమంతా ఈ మూడు మాటల్లో వరసగా ఉంది. మొరంలో కుళ్లకుండా మిగిలిన ఉండరాయి పైకి తేలితే ‘గుండు’. నేలకు సమంగా పరుచుకున్న రాయి ‘పరుపుబండ’. బండ పొరలుపొరలుగా విడివడుతుందని రాతిపని చేసే వడ్డెరలకు తెలుసు. నిప్పు పెట్టి పొర లేపే పాత పద్ధతికి ఆధారం ఆ గుణమే. నిఘంటువులు ‘దొన’కు అంబులపొది అన్న అర్థంతోపాటు కొండరాతిలో నీరు నిలిచే పల్లమన్న అర్థమూ ఇస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియా గ్రానైటు గుట్టలపై ఇలాంటి నీటిపల్లాన్ని ఆదిమవాసులు పిలిచే ‘గ్నమ్మ’ అనే మాట అంతర్జాతీయ భూస్వరూపశాస్త్రంలో పారిభాషికమైపోయింది. దొనకు ఆ యోగం పట్టలేదు. మాట లేక కాదు, అడిగినవాళ్లు లేక.

అలాగని ‘గుట్ట’ను నేరుగా ఇన్సెల్‌బర్గ్‌కు సమానార్థకంగా ఒప్పుకోలేం. గుట్ట కుప్పకూ చెల్లుతుంది, ఏ రాతి కొండకైనా చెల్లుతుంది. ‘గట్టు’ మరీ జారుడు మాట: పొలం గట్టూ అదే, చెరువు గట్టూ అదే, కొండా అదే. జోగులాంబ గద్వాల జిల్లాలో ఒక మండలం పేరే గట్టు. కల్వకుర్తి ఎత్తిపోతల మూడో దశ గుడిపల్లిగట్టు దగ్గరుంది. ఊరిపేర్లలో ఏ గట్టు ఏ అర్థానిదో క్షేత్రంలో చూసి తేల్చాల్సిందే. పారిభాషిక పదంగా ‘బోడిగుట్ట’ నాకు మెరుగనిపిస్తుంది. మట్టి, మొరం పోయి రాయి బయటపడిందన్న ప్రక్రియ ఆ మాటలోనే ఉంది. ద్వీపగిరిలో చూపు ఉంది, ప్రక్రియ లేదు.

  

ప్రయోగానికి హద్దు కూడా చెప్పాలి. నాగర్‌కర్నూల్ జిల్లా అంతా ఒకే రాయి కాదు. అచ్చంపేట దాటి అమ్రాబాద్ వైపు ఎక్కితే గ్రానైటు అడుగున పడిపోతుంది, పైన శ్రీశైలం క్వార్ట్‌జైటు పొరలు పడుకుని ఉంటాయి. అక్కడి కొండలు అంచు నిటారుగా, నెత్తి బల్లపరుపుగా ఉంటాయి. వాటినీ జనం గుట్టలనే అంటారు. కానీ అవి బోడిగుట్టలూ కావు, ఇన్సెల్‌బర్గులూ కావు. పీఠభూమి నుంచి విడివడిన ముక్కలకు మేసా, బ్యూట్ అన్న పదాలే సరిపోతాయి.