మెలాంక్తోను గడియారము

మీ యింట తాతలనాటి జేబు గడియారమేదైన నున్నదా? ఉన్నయెడల దానిని పెట్టెలోనుండి తీసి, వెనుకమూత చూచి, పిమ్మట ఈ మాటలు చదువుడి.

అమెరికా దేశమున బాల్టిమోరు పట్టణమందలి వాల్టర్సు మ్యూజియములో నొక గడియారము కలదు. హెన్రీ వాల్టర్సు అను ధనవంతుడు సేకరించి, 1931లో తాను మరణించునప్పుడు పట్టణమునకు విడిచిన వస్తువులలో నిది యొకటి. మన గడియారములవలె బల్లపరుపుగా నుండదు. అరచేత నిమిడిపోవు చిన్న బంతి. మూతకు చిల్లులున్నవి గనుక తెరువకయే వేళ చూచుకొనవచ్చును. ముల్లు ఒక్కటే, అది గంటల ముల్లు. ఒకసారి కీ యిచ్చిన 12 మొదలు 16 గంటలు నడచును. అరగంట అటునిటుగా కాలము చెప్పును. నిమిషముల ముల్లున్నను ఏమి లాభము? గడియారపు నడకను సరిచేయు సన్నని స్ప్రింగు 1675లో గాని రాలేదు.

అయితే దాని విలువ నడకలో లేదు. దానిపై ఫిలిప్పు మెలాంక్తోను పేరును, మహిమ దేవునికి మాత్రమేయను జర్మను మాటలును, 1530 అను సంవత్సరమును చెక్కబడియున్నవి. ఈయన లూథరు తోడి పనివాడు, విట్టెన్‌బర్గులో గ్రీకు నేర్పిన పండితుడు. ఆ యేడే జూన్ 25న చక్రవర్తి యెదుట చదువబడిన ఔగ్స్‌బర్గు విశ్వాసపు ఒప్పుకోలును వ్రాసినవాడు. 1842లో హయ్యరుగారు గుంటూరు వచ్చి ఆరంభించిన లూథరను సేవకు మూలము ఆ ఒప్పుకోలే గదా!

సంవత్సరము చెక్కబడిన గడియారములలో నిది మిక్కిలి పాతదని పలువురు పండితుల మాట. నురెంబర్గులో పీటరు హెన్లైను పేరును, 1510 అను అంకెయు గల గడియారము మరియొకటి యున్నది. అదియే మొదటిదని చాలకాలము చెప్పుకొనిరి. పరీక్షింపగా ఆ వ్రాత పిమ్మటివారెవరో చెక్కినదని తేలెను.

మా తాతగారి గడియారము నాయొద్ద నున్నది. వెనుకమూత నున్నగా నున్నది, ఒక అక్షరమైనను లేదు. దొరసానిగారు బహుమానముగా నిచ్చిరని మా అన్నగారందురు. కాదు, పొలము కౌలు సొమ్ముతో కొన్నదని మా చిన్నాన్నగారు. ఈ మాటపై వారిద్దరును ఒక పండుగనాడు భోజనము మానిరి. నిజము తెలిసినది మా మేనత్త యొకతెయే. ఆమె నడుగుదమని ప్రతి క్రిస్మసుకును అనుకొనుచుంటిని. రెండేండ్ల క్రిందట ఆమెను సమాధి చేసి వచ్చితిమి.