ముందు చిట్టా, తరువాత ఆవర్జా: యూనిక్స్ దస్త్రాల కథ

మన సంఘ సభ్యులలో చాలామంది లెడ్జరు మీద కలంతో ఉద్యోగం మొదలుపెట్టి, కంప్యూటరు ముందు కూర్చొని పదవీ విరమణ చేసినవారే. డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీలు 1984లోను, 1989లోను ఇచ్చిన నివేదికలు బ్యాంకుల కంప్యూటరీకరణకు బాట వేశాయి. ఆ రోజుల్లో బ్యాంకులకు వచ్చిన యంత్రాలలో అనేకం యూనిక్స్ మీద నడిచేవి.

వరంగల్లులో నేను పనిచేసిన శాఖకూ అటువంటిదొకటి వచ్చింది. 1994 వేసవిలో ఒక సాయంత్రం పని మధ్యలో కరెంటు పోయింది. మరునాడు ఉదయం యంత్రం తెరిస్తే డిస్కంతా తనిఖీ చేసుకుంటూ కూర్చుంది. బయట ఖాతాదారుల వరుస పెరుగుతోంది. "కరెంటు పోతే మన లెడ్జరు ఏనాడైనా ఆగిందా?" అన్నారు మా హెడ్ క్లర్కు గారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్ళ తరువాత గాని దొరకలేదు.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దాని నిర్మాతలు. దస్త్రాలను భద్రపరచడానికి వారు ఎంచుకున్న పద్ధతి మన రికార్డు రూముకు దగ్గరగా ఉంటుంది. ప్రతి దస్త్రానికీ ఒక నంబరు, ఆ నంబరు కింద ఒక పట్టీ ఉంటాయి. పట్టీ పేరు ఐనోడ్. దస్త్రం ఎవరిది, ఎవరు చూడవచ్చు, ఎంత పెద్దది, డిస్కులో ఏయే గళ్ళలో ఉంది అన్నవన్నీ అందులో ఉంటాయి. ఉండనిది పేరొక్కటే! పేరు వేరే సూచికలో, నంబరు పక్కన ఉంటుంది. అందువల్ల ఒకే దస్త్రానికి రెండు పేర్లుండవచ్చు. ఆఫీసులో ఇంటిపేరుతో, ఇంట్లో ముద్దుపేరుతో పిలిచినా మనిషి ఒక్కడే కదా! చివరి పేరు కూడా కొట్టివేసినప్పుడే ఆ గళ్ళు ఖాళీ అయినట్లు లెక్క.

చిక్కు ఎక్కడంటే, ఒక్క దస్త్రం చేర్చాలన్నా సూచికలో, పట్టీలో, ఖాళీ గళ్ళ జాబితాలో మూడు చోట్లా రాయాలి. పైగా వేగం కోసం యంత్రం ఆ రాతలను కొంతసేపు జ్ఞాపకంలోనే ఉంచుకొని, తరువాత డిస్కుకు ఎక్కిస్తుంది. ఈలోగా కరెంటు పోతే ఒకచోట రాసినది మరొకచోట ఉండదు. ఏ పని సగంలో ఆగిందో తెలియదు కనుక మొత్తం డిస్కును సరిచూడక తప్పదు. మా శాఖలో ఆనాడు జరిగింది అదే.

దీనికి విరుగుడు మన గుమాస్తాలకు ఏనాటినుంచో తెలుసు: ముందు చిట్టా, తరువాత ఆవర్జా. చేయబోయే మార్పును మొదట చిట్టాలో రాసి, ఆపైన అసలు చోట్లకు ఎక్కించాలి. కరెంటు పోతే చిట్టా ఒక్కటి చూస్తే చాలు. పూర్తిగా రాసిన పద్దును మళ్ళీ ఎక్కిస్తారు, సగం పద్దును వదిలేస్తారు. కంప్యూటరు వారు దీనిని జర్నలింగ్ అన్నారు. లినక్స్‌లో ఇది 2001లో ఈఎక్స్‌టీ3తో స్థిరపడింది. గంటల తనిఖీ క్షణాలకు దిగింది. అయితే సాధారణంగా చిట్టాకెక్కేది పట్టీల లెక్క మాత్రమే. అప్పుడే టైపు చేస్తున్న పేరా పోతే పోవచ్చు.

డిస్కే పాడైతే? 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు బర్క్‌లీ పరిశోధకులు రెయిడ్ అనే పద్ధతిని వివరించారు. అందులో ఒక విధానం మనకు తెలిసిన కూడికవంటిదే. వరుసలో ఒక అంకె చెరిగినా, మొత్తం తెలిస్తే దానిని రాబట్టవచ్చు. కానీ పొరపాటున మనమే చెరిపివేస్తే అన్ని డిస్కులలోనూ చెరిగిపోతుంది. అందుకు మందు వేరేచోట దాచిన నకలు ఒక్కటే.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుని శాసనం 1163 నుంచి నిలిచి ఉంది. రాతికి చిట్టా అక్కరలేదు. మన ఆండ్రాయిడ్ ఫోన్లు అలా కావు. వాటి లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. మనుమల ఫొటోలు, పింఛను కాగితాలు, 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పత్రం అందులోనే దాచుకుంటున్నాం. మిత్రులారా, మీ పి.పి.ఓ. నకలు మరొకచోట ఉన్నదా? ఉంటే తెరుచుకుంటున్నదా? ఈ సంచిక పక్కన పెట్టేముందు ఒక్కసారి తీసి చూడండి.