చెన్నైలో సముద్రజల నిర్లవణీకరణ

చెన్నై నగరం 2010 నుంచి తన తాగునీటిలో కొంత భాగాన్ని బంగాళాఖాతం నుంచి తీసుకుంటోంది. ఈ నగరానికి జీవనది లేదు. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నిండాలంటే అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలు కరుణించాలి. అవి ముఖం చాటేస్తే మరుసటి వేసవిలో లారీ నీళ్లే గతి. చెన్నై కోసం కృష్ణా జలాల్లో తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ 1976లో ఒప్పుకున్నా, వాటిని తెచ్చే తెలుగుగంగ కాలువ నీరు కండలేరు జలాశయం మీదుగా పూండి చేరడానికి 1996 దాకా పట్టింది. ఆవిరి నష్టం పోను రావలసిన 12 టీఎంసీలూ చాలా ఏళ్లు పూర్తిగా రాలేదు.

అందుకే నగరం కడలి వైపు చూసింది. ఉప్పు తీసేయడానికి సముద్రపు నీటిని మరిగించి ఆవిరిని చల్లార్చే పద్ధతి పాతది, ఇంధనం విపరీతంగా తాగుతుంది. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోయెబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి, నీటిని వేగంగా పోనిచ్చి ఉప్పును ఆపే పలుచని పొరను తయారుచేశారు. ఇళ్లలోని ఆర్వో యంత్రాలకూ మూలం ఇదే. లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పున్న సముద్రపు నీటిని ఆ పొర గుండా నెట్టాలంటే వాతావరణ పీడనానికి 55 నుంచి 70 రెట్లు ఒత్తిడి కావాలి. అంత ఒత్తిడికి వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది.

మొదటి కేంద్రం నగరానికి ఉత్తరాన మీంజూరు దగ్గర కాట్టుపల్లిలో 2010 జూలైలో ప్రారంభమైంది. హైదరాబాదుకు చెందిన ఐవీఆర్‌సీఎల్, స్పెయిన్ సంస్థ బెఫెసా కలిసి దీన్ని కట్టాయి. సామర్థ్యం రోజుకు 10 కోట్ల లీటర్లు. ఇందుకోసం సుమారు 23.7 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని తోడాలి. ఇసుక వడపోతలు దాటాక పొరల్లోంచి వచ్చిన నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు కనుక, గొట్టాల్లోకి వదిలేముందు వాటిని తిరిగి కలుపుతారు. దక్షిణాన నెమ్మేలిలో అంతే సామర్థ్యమున్న రెండో కేంద్రం 2013లో మొదలైంది.

2019 వేసవిలో నాలుగు జలాశయాలూ అడుగంటాయి. జోలార్‌పేట నుంచి రైళ్లలో నీరు తెప్పించారు. ఆ రోజుల్లోనూ ఈ రెండు కేంద్రాలు పనిచేస్తూనే ఉన్నాయి. వానతో నిమిత్తం లేకపోవడమే ఈ పద్ధతికున్న అసలు బలం. మిగతా లెక్కలన్నీ దానికి ఎదురుగా నిలుస్తాయి. పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఒక్కో కేంద్రానికి రోజుకు 3 లక్షల యూనిట్లకు పైగా కరెంటు కావాలి, అందులో ఎక్కువ భాగం బొగ్గు మండిస్తేనే వచ్చేది. మీంజూరులో మిగిలే 13.7 కోట్ల లీటర్లలో ఉప్పు లీటరుకు 60 గ్రాములకు చేరుతుంది. అది తిరిగి కడలిలోకే పోతుంది. ప్రపంచమంతటా రోజుకు సుమారు 14.2 కోట్ల ఘనమీటర్ల ఇలాంటి చిక్కటి ఉప్పునీరు వెలువడుతోందని 2019లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయ పరిశోధకులు అంచనా వేశారు. నెమ్మేలి పరిసరాల మత్స్యకారులు తీరం కోతకు గురైందనీ, వలలకు చేపలు తగ్గాయనీ చెబుతున్నారు.

అయినా విస్తరణ ఆగలేదు. నెమ్మేలిలో 15 కోట్ల లీటర్ల అదనపు కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. పక్కనే పేరూరులో 40 కోట్ల లీటర్ల కేంద్రానికి 2023లో శంకుస్థాపన జరిగింది. కొడుంగయ్యూరు, కోయంబేడులో మాత్రం మురుగునీటినే శుద్ధిచేసి, ఒక్కోచోట రోజుకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున పరిశ్రమలకు ఇచ్చే కేంద్రాలు వెలిశాయి. మురుగులో ఉప్పు తక్కువ కాబట్టి, అదే రకం పొరలు అక్కడ చాలా తక్కువ కరెంటుతో పనిచేస్తాయి.