గాలిని నిలువచేసిన రాష్ట్రము

వాన గురిసిన దినమున పొలమునకు నీరక్కరలేదు. అక్కర కలిగిన దినమున వాన గురియదు. చెరువులు పుట్టుటకు కారణ మిదియే గదా! గాలివలనను ఎండవలనను పుట్టు విద్యుచ్ఛక్తికిని ఇట్టి చిక్కే కలదు. దానికొక చెరువు వంటిదానిని ప్రభుత్వమే పూనుకొని కట్టించిన వృత్తాంతము దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమునది.

ఆ రాష్ట్రమున తుది బొగ్గు విద్యుత్కేంద్రము 2016 మే నెలలో మూతవడెను. గాలిమరలు అప్పటికే విస్తరించి యుండెను. ఆ యేడు సెప్టెంబరు 28వ తేదిన పెనుగాలివాన వచ్చి, తీగెలను మోయు ఉక్కు స్తంభములను 20కి పైగా కూల్చెను. ఆ యొడుదుడుకులకు తాళలేక పెక్కు గాలిమరలు తమంతట ఆగెను. పొరుగున నున్న విక్టోరియానుండి విద్యుత్తు వచ్చు మార్గమును తెగెను. సుమారు 8,50,000 కనెక్షన్లకు విద్యుత్తు లేకపోయెను. తప్పు గాలిమరలదని కొందరు, కాదని కొందరు వాదులాడిరి.

2017 మార్చిలో రాష్ట్ర ముఖ్యమంత్రి జే వెదరిల్ ఒక గొప్ప బ్యాటరీని కట్టింతుమని ప్రకటించెను. ఒడంబడిక యైన 100 దినములలో ముగింపనిచో ఉచితముగా నిత్తునని టెస్లా అధిపతి ఈలాన్ మస్క్ పందెము వేసెను. కేంద్ర ఆర్థికమంత్రిగా నుండిన స్కాట్ మారిసన్, దారిప్రక్కన యాత్రికులకై నిలిపిన పెద్ద అరటిపండు బొమ్మతో దీనిని పోల్చి పరిహసించెను. గడువునకు ముందే, 2017 డిసెంబరు 1న, జేమ్స్‌టౌన్ చెంత హార్న్స్‌డేల్ గాలిమరల ప్రక్కన అది పనికి వచ్చెను.

దాని శక్తి 100 మెగావాట్లు. నిలువ 129 మెగావాట్‌గంటలు. అనగా పూర్తిగా తెరచి విడిచినచో గంటంబావులో వట్టిపోవును. ఇంత చిన్న చెరువేల యని మీరడుగవచ్చును. కూలిన స్తంభములను అది నిలబెట్టజాలదు కూడ. అయినను ఆ ప్రభుత్వపు వివేకము ఇచ్చటనే కానవచ్చుచున్నది. యజమాని నియోయెన్ అను ఫ్రెంచి కంపెనీ. కాని 70 మెగావాట్లను ప్రభుత్వము వ్యవస్థ నిలుకడకై ప్రత్యేకించుకొని, రుసుము చెల్లించి, తక్కినదానిని కంపెనీ వ్యాపారమునకు విడిచెను. కొనినది సంసిద్ధతను. ఆ డిసెంబరు 14న విక్టోరియాలో లాయ్ యాంగ్ బొగ్గుకేంద్రమున నొక యంత్రము ఆగి 560 మెగావాట్లు లోపింపగా, సుమారు వేయి కిలోమీటర్ల దూరముననున్న యీ బ్యాటరీ రెప్పపాటులో కదలి 7 మెగావాట్ల వరకు అందించెను. సముద్రములో కాకిరెట్ట యనవలదు. ఆవిరియంత్రములు పుంజుకొనుటకు కొన్ని సెకనులు పట్టును. ఆ లోపల చేయి యందించుటయే దీని పని.

2018 మార్చి ఎన్నికలలో వెదరిల్ పక్ష మోడెను. ఎదుటి పక్షమువారు వచ్చి దీనిని పాడుపెట్టలేదు. ఆ యక్టోబరులోనే 40,000 ఇండ్లలో బ్యాటరీలు పెట్టించుటకై 10 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల సహాయపథకము నారంభించిరి. హార్న్స్‌డేల్ బ్యాటరీ 2020లో 150 మెగావాట్లకు పెరిగెను.