మైకేల్ బల్లాక్

మైకేల్ బల్లాక్ (జననం: 1976 సెప్టెంబరు 26) జర్మనీకి చెందిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. మిడ్‌ఫీల్డరుగా ఈయన 1999-2010 మధ్య దేశము తరఫున 98 మ్యాచ్‌లు ఆడి 42 గోల్స్ చేశాడు. 2004 నుండి జట్టుకు నాయకత్వము వహించాడు.

క్లబ్బు క్రీడా జీవితము

అప్పటి తూర్పు జర్మనీలోని గోర్లిట్జ్‌లో జన్మించిన బల్లాక్, 1995లో కెమ్నిట్జ్ జట్టు ద్వారా వృత్తి క్రీడలో ప్రవేశించాడు. కైజర్స్‌లాటర్న్ (1998), బేయర్న్ మ్యూనిక్ (2003, 2005, 2006) జట్లతో జర్మన్ లీగ్‌ను, చెల్సీతో ఇంగ్లాండు ప్రీమియర్ లీగ్‌ను (2010) గెలుచుకున్నాడు. 2002లో మాత్రము ఈయన ఆడిన లెవర్కూసెన్ జట్టు జర్మన్ లీగ్, జర్మన్ కప్పు, యూరప్ ఛాంపియన్స్ లీగ్ మూడింటిలోను రెండవ స్థానముతో సరిపెట్టుకొనవలసి వచ్చింది.

2002 ప్రపంచ కప్పు

జూన్ 25న సియోల్‌లో దక్షిణ కొరియాతో సెమీఫైనల్ జరిగింది. 71వ నిమిషములో గోలు వైపు దూసుకువస్తున్న ప్రత్యర్థిని నియమవిరుద్ధముగా అడ్డుకొని బల్లాక్ పసుపు కార్డు పొందాడు. అంతకు ముందు మ్యాచ్‌లలో ఒక కార్డు పొంది ఉన్నందున, దీనితో ఫైనల్‌లో ఆడే అర్హత కోల్పోయాడు. అయినప్పటికీ నాలుగు నిమిషముల తరువాత ఆ మ్యాచ్‌లోని ఏకైక గోలు చేసి, తాను ఆడలేని ఫైనల్‌కు జట్టును చేర్చాడు. జూన్ 30న యొకొహామాలో బ్రెజిల్ 2-0తో జర్మనీని ఓడించింది.

చివరి సంవత్సరములు

2008లో చెల్సీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లోను, జర్మనీ యూరో కప్పు ఫైనల్‌లోను ఓడిపోయాయి. గాయము కారణముగా బల్లాక్ 2010 ప్రపంచ కప్పుకు దూరమయ్యాడు. ప్రపంచ కప్పు గాని, యూరో కప్పు గాని గెలవకుండానే 2012లో క్రీడ నుండి విరమించాడు.